కదిరమ్మ రొమ్ములో పట్టుగూడు

పండి ఆకు తినడం మానేసిన పట్టుపురుగులను ఆ రోజు గూడు కట్టే తట్టల మీదికి ఎక్కించాలి. అంతకుముందే అత్తకు మాత్ర వేసేస్తే ఒక పని తీరుతుందని ఈశ్వరి అనుకుంది. అత్త కదిరమ్మకు రొమ్ము పట్టింది. కఫం పేరుకొని, గల్ల అడ్డుపడి ఊపిరాడక, పడుకోలేక, గోడకు ఆనుకునే ఉంది. నోరు తెరిస్తే మాట సగంలో దగ్గు.

ఈశ్వరి మాత్రను అత్త చేతిలో పెట్టి నీళ్ల చెంబు అందించింది. కదిరమ్మ కొడుకు ఎర్రన్నకు, మందుల షాపులో తాను విన్నదంతా అప్పుడే చెప్పాలనిపించింది.

"ఇది ఎంజైమ్ మాత్రమ్మా. పట్టుపురుగు కడుపులోనుంచి తీసినారంట. పురుగు గూడును కరిగించినట్ల నీ గల్లను కరిగిస్తాదంట."

కదిరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "పురుగా! రేయ్, నేను మింగ..." అంతలో దగ్గు తెర వచ్చింది.

"మింగినావా? మంచిది," అన్నాడు ఎర్రన్న.

మల్బరీ ఆకు అడగడానికి వచ్చిన పక్కింటి నల్లమ్మ గడపలోనే నిలబడిపోయింది. "ఏమప్పా ఎర్రన్నా, ముసలామెకు పురుగును మింగిచ్చినావా! లేతదా, పండిందా?"

"నాకేం తెలుసు? పండిందే అయింటాది."

"అయితే ఇంక ఆకు తినదు, గూడు కడతాది!" నల్లమ్మ వెళ్లి కదిరమ్మ రొమ్ముకు చెవి ఆనించింది. లోపల గర్రుగర్రుమంటోంది. "అల్లతాండాది! ఈశ్వరీ, అల్లతాండాది!"

ఈశ్వరి వంగి అత్త ముఖంలోకి చూసింది. "అత్తా, నిజంగా మింగినావా?"

"నేను మింగ..." మళ్లీ దగ్గు. మాట రాక కదిరమ్మ తల అటూ ఇటూ ఊపింది.

"సూడు! గూడు కట్టే పురుగు ఊపినట్లే తల ఊపుతాండాది!" అంది నల్లమ్మ.

గూట్లోని పురుగును ఆవిరి పెట్టి చంపకపోతే, రెక్కలొచ్చి గూటికి చిల్లి చేసుకొని బయటికొస్తుంది. ఆ చిల్లి ఎక్కడ పడుతుందో తలచుకొని ఎర్రన్న ఏడ్చేశాడు. మరిగే నీళ్ల కడవ ముందు తల్లిని కూర్చోబెట్టి, కంబళి కప్పి, ముగ్గురూ మూడు వైపులా పట్టుకున్నారు. లోపలినుంచి "మింగ... మింగ..." అని వినపడినప్పుడల్లా కడవలో ఇంకా వేడినీళ్లు పోశారు.

చివరికి ఒక పెద్ద దగ్గు. కంబళి తీస్తే, కదిరమ్మ నోటినుంచి తెల్లటి తీగ సాగుతూ వేలాడుతోంది.

"దారం!" నల్లమ్మ అలవాటు కొద్దీ కొస పట్టి వేలికి చుట్టబోయింది. జారిపోయింది. వేలు చూసుకొని మెల్లగా గోడకు తుడిచింది.

కదిరమ్మ గుండెనిండా ఊపిరి తీసుకుంది. ఇందాకటినుంచి లోపలే ఆగిపోయిన ముక్క బయటికి వచ్చింది.

"...లేదు! మింగలేదు రా, సెవిటి నా కొడకా!"

గుప్పిట తెరిచింది. రంగు వెలిసిన మాత్ర అందులోనే ఉంది. ఎర్రన్న తీసుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండనీ, ఇప్పుడు మింగుతా. నాతోపాటు దీనికీ ఆవిరి పట్టె గదా, పురుగు సచ్చింటాది."

ఈసారి మాత్రం నోరు తెరిపించి చూశాకే ముగ్గురూ నమ్మారు.