విప్పని మోపెడ్

ఆ ఆదివారం పొద్దున స్పానర్రావుకు మిగిలిన పని నాలుగు బోల్టులే. వెనక మడ్‌గార్డుకు అవి బిగించేస్తే మోపెడ్ పూర్తయినట్టు. పదింటికల్లా భార్యను వెనక కూర్చోబెట్టుకుని రైలు గేటు దాకా వెళ్లి రావాలి. మూడేళ్ల కిందట ఇచ్చిన మాట అది. ఆవిడ అప్పటికే బయటికి వెళ్లే బట్టలు కట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. ఎదురుగా కూర్చోకపోతే మళ్లీ "ఇంకో వారం" అంటాడని ఆవిడ అనుభవం.

స్పానర్రావు అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా అతను. సెలవొస్తే చాలు, వెనక వరండాలో చేరి పాత మోపెడ్లు విప్పి, దీని ట్యాంకు దానికీ దాని చక్రం దీనికీ తగిలించి, లోకంలో ఇంకెక్కడా లేని మోపెడ్లు కడతాడు. వాటిలో కొన్ని నడుస్తాయి కూడా. ఈసారి కట్టింది మాత్రం నిజంగా అందంగా కుదిరింది. మీగడరంగు ట్యాంకు, కిందికి వంగిన హ్యాండిలు, చప్పుడు తక్కువ ఇంజను. మూడేళ్లలో అతను ఇంత మురిసిపోయిన రోజు లేదు.

మూడో బోల్టు దగ్గర ఫోను మోగింది. అన్నయ్య.

"సాయంత్రం నాలుగింటికి వస్తున్నాన్రా. నా మోపెడ్ సంగతి ఇవాళ తేల్చేద్దాం," అన్నాడు. ఇంకేమీ అనకుండా పెట్టేశాడు.

స్పానర్రావు స్పానరు కింద పెట్టేశాడు. ఎందుకంటే తేల్చడానికి మోపెడ్ లేదు.

అన్నయ్య మొదటి జీతంతో కొనుక్కున్న పచ్చ మోపెడ్ అది. స్పానర్రావు ఉద్యోగం పరీక్ష రోజున పెట్రోలు అయిపోతే, తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టుకుని నాలుగు కిలోమీటర్లు పెడల్ తొక్కి, గంట కొట్టే వేళకు హాలు ముందు దింపాడు అన్నయ్య. బదిలీ మీద వెళుతూ ఆరేళ్ల కిందట దాన్ని ఈ వరండాలో వదిలి, "నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. తొమ్మిదేళ్ల వయసులో అన్నయ్య చేతి గడియారం విప్పి మళ్లీ బిగించలేకపోయిన తమ్ముడు, మోపెడ్ మీద చెయ్యి వెయ్యొద్దని అన్నయ్య మనసులో ఉందనుకున్నాడు. రెండేళ్లు వెయ్యలేదు కూడా. మూడో ఏడు కార్బురేటరు ఒక్కటే తీశాడు, అదీ వారం రోజులకని. తరవాత ట్యాంకు, ఇంజను, చక్రాలు. చివరికి అన్నయ్య మోపెడ్‌లో మిగిలింది గోడకు వేలాడే అస్థిపంజరం. దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు.

"విప్పేశానని చెప్పెయ్యండి. నిమిషం పని," అంది భార్య. ఆవిడ బళ్లో టీచరు. ఉన్నమాట ఒప్పుకున్నవాణ్ణి ఎన్నడూ కొట్టి ఎరగదు.

"నీకు ఆ వాచీ సంగతి తెలీదు."

"పెళ్లయినప్పటినుంచీ వింటూనే ఉన్నాను," అని ఆవిడ చేతిసంచీ తీసి మేకుకు తగిలించింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అక్కడ మొదలైంది. స్పానర్రావు మీగడరంగు మోపెడ్ దగ్గర కూర్చుని, ఇందాక బిగించిన మూడు బోల్టులూ విప్పాడు. తరవాత ఇంజను దించాడు. మూడేళ్లు పట్టిన పని గంటన్నరలో ఊడిపోయింది. ప్రతి నట్టూ తన చేత్తో నూనె వేసి బిగించుకున్నదే కావడంతో, ఒక్కటీ మొరాయించకుండా తేలిగ్గా వచ్చేస్తుంటే అతనికి కళ్లు చెమర్చాయి.

అన్నీ అక్కడే ఉంటే బాగుండేది. హెడ్‌లైటు భార్య బల్ల మీద దీపమైంది, ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దేది దాని కిందే. హారను కాలింగ్ బెల్ అయింది. ఎవరైనా గేటు దగ్గర మీట నొక్కితే రోడ్డు మీద వెళ్లేవాళ్లు పక్కకు తప్పుకునేవారు. రెండూ ఊడదీశాడు. సీటేమో వీధి చివర దర్జీ స్టూలు మీద ఉంది. నడుంనొప్పి అంటే స్పానర్రావే బిగించి ఇచ్చాడు.

దర్జీ రెండు నెలలుగా స్పానర్రావు ప్యాంటు కుట్టకుండా తిప్పుతున్నాడు. ఆదివారం పూట స్పానరు పట్టుకుని వచ్చి, పలకరింపైనా లేకుండా, దాని మీద కూర్చున్న తనను లేపి సీటు విప్పుకుపోతుంటే, అతను అదంతా ప్యాంటు తెచ్చిన కోపమే అనుకున్నాడు. వట్టి స్టూలు మీద కూర్చుని, కొలతల పుస్తకం కూడా చూడకుండా ఆదరాబాదరాగా గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు.

ఇక రంగు. అన్నయ్యది పచ్చ, ఇక్కడున్నది మీగడ. ఇంట్లో ఉన్న పచ్చరంగల్లా గేటుకని కొన్న డబ్బాడే. గోడ మీది అస్థిపంజరం దించి, దానికి అన్నీ బిగించి, అదే పూసి, వంటింటి టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టి, నాలుగింటికి ఆరిపోతుందని లెక్క వేసుకున్నాడు.

అన్నయ్య మూడింటికే వచ్చాడు, వెంట ఒక చిన్న వ్యానుతో. వ్యానును చూడగానే స్పానర్రావు ఫ్యాను తీసి దాచేశాడు. అన్నయ్య నేరుగా వరండాలోకి వచ్చి, పచ్చ మోపెడ్ చుట్టూ ఒకసారి తిరిగి, తమ్ముడు ఆపేలోగానే ఎక్కి కూర్చున్నాడు. పెడల్ ఒక్క తొక్కు తొక్కాడు. ఇంజను వెంటనే అందుకుంది.

"ఆరేళ్లు మూలనపడి ఉన్నా ఒక్క తొక్కుకే స్టార్టయింది చూశావా? ఆ రోజుల్లో వస్తువులు అలా చేసేవాళ్లు," అన్నాడు అన్నయ్య.

ఆ ఇంజనుకు పిస్టను నుంచి వాషరు దాకా కొత్త ప్రాణం పోసినవాడు పక్కనే నిలబడి, అవునన్నాడు. జీవితంలో తనకు దక్కాల్సిన ఒకే ఒక్క మెప్పు ఎవరో ముక్కూమొహం తెలియని ఫ్యాక్టరీకి పోయింది.

అన్నయ్య దిగేసరికి ప్యాంటు వెనక భాగమంతా గేటు రంగు. సరిగ్గా అప్పుడే దర్జీ కాగితం పొట్లంతో వచ్చి, "సీటు ఊడదీసుకెళ్లినప్పుడే మీ కోపం అర్థమైందండీ, ఇదిగో ప్యాంటు," అన్నాడు. ఏ సీటని అన్నయ్య అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. స్పానర్రావు మాత్రం తేలు కుట్టిన దొంగలా, "ఏదో స్టూలుదిలే," అన్నాడు. అన్నయ్యకు కొత్త ప్యాంటు కట్టబెట్టాక చూస్తే, ఒక కాలు చీలమండ దాకా ఉంది, రెండోది పిక్క దగ్గరే ఆగిపోయింది.

అన్నయ్య అది పట్టించుకోలేదు. బల్ల మీద కూర్చుని మోపెడ్ వంక చూశాడు.

"చెయ్యి పెట్టకుండా అలాగే ఉంచావన్నమాట," అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు. "నువ్వు విప్పుతావనే కదరా నీకు వదిలి వెళ్లింది. చిన్నప్పుడు నా వాచీ విప్పావు చూడు, అందులో ఏముందో చూడాలని నాకూ ఉండేది. నాకు ధైర్యం చాల్లేదు, నీకు చాలింది. నువ్వు కట్టే బండ్లలో నాదొక్క బోల్టైనా ఉంటుందని ఆశపడ్డాను. ఆరేళ్లలో నీకు ఇందులో ఏదీ పనికిరాలేదు."

స్పానర్రావు ఇక ఆగలేకపోయాడు. పాత దుప్పటి లాగి, కింద పడి ఉన్న మీగడరంగు ఫ్రేము చూపించాడు. అంతా నీ బండి సామానే అన్నయ్యా, నీకు కోపం వస్తుందని పొద్దుటినుంచీ ఊడదీసి మళ్లీ బిగించానని, ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. భార్య కూడా నిజమేనంది.

అన్నయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తమ్ముడి భుజం తట్టాడు. "నా మనసు కష్టపెట్టకూడదని ఎంత కథ అల్లావురా. ఇంజను ఊడదీసి ఒక్క పూటలో ఎక్కించడం ఎవడివల్ల అవుతుంది? నేనొస్తున్నానని రంగు పూసి ఉంచావు, అదే పదివేలు."

తన ఆఫీసులో ఒకాయన ఇలాగే పాత బండ్లు విప్పి కొత్తవి కడతాడట. అందుకే వ్యాను తెచ్చాడు. ఆయనైనా దీన్ని విప్పుకుంటాడు అన్నాడు. వ్యాను వెనక తనే ఎక్కి, మోపెడ్ పడిపోకుండా సీటు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పరీక్షకు వెళ్లిన రోజున తమ్ముడు పట్టుకుని కూర్చున్న సీటు అదే. పొద్దున ఒక్క నిమిషం నోరు విప్పి ఉంటే, ఈపాటికి అన్నయ్యనే మీగడరంగు బండి మీద రైలు గేటు దాకా తిప్పి తెచ్చేవాడు కదా అని స్పానర్రావు కుమిలిపోయాడు. భార్య మేకు మీది చేతిసంచీ తీసి బీరువాలో పెట్టేసింది.

కాసేపటికి గేటు దబదబా మోగింది. కళ్లజోడు మరిచిపోయి అన్నయ్య వీధి చివరినుంచి, ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ ప్యాంటుతో నడిచొచ్చాడు. మీట నాలుగుసార్లు నొక్కినా పలకలేదట.

"ఇంత మెకానిక్‌వి, కాలింగ్ బెల్ బాగుచేసుకోలేవేంట్రా?" అన్నాడు.

నిజం ఆ రోజుకు ఒకసారి చెప్పి చూశాడు కనుక, స్పానర్రావు ఈసారి "చూస్తాలే అన్నయ్యా" అని ఊరుకున్నాడు.