నలుగురి బండి

రికార్డు గది గుమస్తా ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి దర్జీ తన కారులో వస్తాడు. పదింటికల్లా కారుకు కారు మార్చుకోవడం అయిపోతుంది. పదకొండింటికి గుమస్తా ఓ కునుకు తీస్తాడు.

మార్చుకోక తప్పని పరిస్థితి వచ్చింది. గుమస్తా భార్యకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. కొత్త బడి ఊరికి ఆ చివర ఉంది, పొద్దున్నే అటు వెళ్ళే బస్సు లేదు. సోమవారం ఎనిమిదికల్లా వచ్చి చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామని పైవాళ్ళు మర్యాదగానే రాశారు. ఇంట్లో కారు లేక కాదు. ఉన్నది నలుగురి బండి. అంటే నలుగురు కూర్చునేది కాదు, నలుగురు నడిపేది.

ఇంజన్ అందుకోవాలంటే కూతురు బానెట్ ఎత్తి బ్యాటరీ క్లిప్పును అదిమి పట్టాలి. రెండో గేరు జారకుండా భార్య పక్క సీట్లోంచి రాడ్డు పట్టుకోవాలి. మలుపుల్లో వెనక తలుపు తెరుచుకోకుండా గుమస్తా తల్లి దానికి కట్టిన నాడాను చేతికి చుట్టుకుని కూర్చోవాలి. గుమస్తాది స్టీరింగ్ ఒక్కటే. ఏళ్ళ తరబడి అలవాటైపోయి, అదొక లోపమని ఎవరికీ తోచలేదు. సోమవారం సంగతి ఆలోచించినప్పుడే తెలిసింది. ఆవిడను బడి దగ్గర దింపాక మిగతా ముగ్గురూ ఇంటికి రాలేరు. రావాలంటే ఆవిడ కూడా రావాలి. ఆవిడ వస్తే మళ్ళీ దింపాలి.

"దర్జీగారికి ఉన్నదున్నట్టు చెప్పేద్దామే," అన్నాడు గుమస్తా పొద్దున్నే.

"అడిగితే చెప్పండి. అడక్కుండా చెప్పడం గొప్పలు చెప్పుకోవడం అవుతుంది."

ఇద్దరి కార్లూ బాగుచేసే మెకానిక్కే ఈ బేరం కుదిర్చాడు. "రెండూ నా చేతిలో పెరిగిన బళ్ళే సార్. మీరూ మీరూ చూసుకోండి, నన్ను మాత్రం పిలవకండి," అని కూడా చెప్పాడు. మొహమాటస్తుడని గుమస్తా అనుకున్నాడు.

దర్జీ చెప్పిన వేళకే వచ్చాడు. వెంట భార్య, అన్న. కారు ఆగీ ఆగకముందే భార్య గుడ్డసంచీతో దూకి, వెనక చక్రం దగ్గర వంగి లేచింది.

"మా ఆవిడకి కాళ్ళు పట్టేస్తాయండీ. బండి ఆగిందంటే దిగి నాలుగుసార్లు వంగి లేవాల్సిందే," అన్నాడు దర్జీ.

"మంచి అలవాటండీ," అంది గుమస్తా భార్య.

ముందు గుమస్తా కారు చూశారు. కూతురు బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చింది.

"మా అమ్మాయికి ఇంజన్లంటే ప్రాణం," అన్నాడు గుమస్తా తాళం తిప్పుతూ. ఆ ముక్క అనేసరికి చెవులు వేడెక్కాయి. దారిలో గేరు మార్చిన ప్రతిసారీ భార్య చెయ్యి వచ్చి అతని చేతి మీద పడుతోంది. దర్జీ వెనక నుంచి అదంతా చూశాడు.

"పెళ్ళై ఎన్నేళ్ళైందండీ?"

"పంతొమ్మిది."

"దిష్టి తగులుతుంది, నలుగురిలో అలా పట్టుకోకండి," అన్నాడు దర్జీ గద్గదంగా. తర్వాత పక్కనున్న పెద్దావిడ వైపు తిరిగాడు. "మామ్మగారూ, ఆ నాడా వదలరేం?"

"నేను వదిలితే ఈ ఇంట్లో ఏదీ ఆగదు నాయనా," అందావిడ. మొత్తం ప్రయాణంలో పలికిన నిజం అదొక్కటే.

తర్వాత దర్జీ కారు. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా వెనక సీట్లో ఉన్న దర్జీ అన్న గభాలున వంగి కాళ్ళ దగ్గర ఏదో లాగుతున్నాడు.

"చెప్పులు కరుస్తున్నాయా అన్నయ్యగారూ?" అడిగింది గుమస్తా భార్య.

"కొత్తవమ్మా."

ఆ చెప్పుల మడమలు అరిగి నేల కనిపిస్తోంది. గుమస్తా చూశాడు. కానీ తన గుట్టు కాపాడుకుంటున్నవాడు ఎదుటివాడి చెప్పులు పరీక్షించడు.

కాగితాల మీద సంతకాలయ్యాయి. తాళాలు మారాయి. దర్జీ భార్య అలవాటు ప్రకారం వెనక చక్రం దగ్గర వంగి, అక్కడున్నది తన సంచీలో వేసుకుని, తమ కొత్త కారెక్కింది. దర్జీ తాళం తిప్పాడు. కారు ఉలకలేదు, పలకలేదు. ఇంతలో గుమస్తా తన కొత్త కారును గేటులోకి తెద్దామని అందులో కూర్చున్నాడు. తాళం పెట్టకముందే అది వీధి వాలున వెనక్కి బయల్దేరింది. గాభరాపడి స్టీరింగ్ ఎడమకు తిప్పేశాడు. హారన్ మొదలైంది, ఆగలేదు. మేడ మీది వకీలు బనీనుతో బాల్కనీలోకి వచ్చి, "ఎక్కడ తగలబడింది?" అని అరిచాడు.

దర్జీ భార్య సంచీలోంచి చెక్కదుంగ తీసి పరిగెత్తి చక్రం కింద పెట్టింది. దర్జీ అన్న వెనక సీట్లోకి దూకి తీగ లాగాడు. హారన్ ఆగింది. అదే క్షణాన ఇటు, కదలని కారును చూసి ఉండబట్టలేక కూతురు బానెట్ ఎత్తి క్లిప్పు అదిమింది. ఇంజన్ అందుకుంది. కంగారులో దర్జీ రెండో గేరుకు తోశాడు. గుమస్తా భార్య కిటికీలోంచి చెయ్యి పెట్టి రాడ్డు పట్టేసుకుంది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

"మీరు చెప్పలేదు," అన్నాడు గుమస్తా.

"మీరడగలేదు. మేమూ అడగలేదనుకోండి," అన్నాడు దర్జీ. "ఇంతకీ మీ దానికి ఎంతమంది కావాలి?"

"నలుగురు."

గుమస్తా సిగ్గుతో తల వంచుకుని, కాగితాలు చింపేద్దామని చెయ్యి చాపాడు. దర్జీ వాటిని చటుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"చింపకండి బాబూ! మా మామగారు ఇంట్లోనే ఉంటారు. బండెక్కినప్పుడల్లా అందరికీ పనుంది, నాకే లేదు, నేనంటే లెక్కలేదు అని నెల రోజులుగా అన్నం దగ్గర అలుగుతున్నారు. ఆ నాడా ఆయనకిస్తాను."

గుమస్తా భార్య వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. స్టీరింగుకు భర్త, దుంగకు కూతురు, తీగకు అత్తగారు. తనను దింపి వాళ్ళ దారిన వాళ్ళు వెనక్కి రావచ్చు.

"మనకూ లాభమేనండీ," అంది భర్తతో. "ఇందులో నాకు పనే లేదు."

సోమవారం ఆవిడ ఎనిమిదికి పది నిమిషాల ముందే బడి చేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి, డ్రైవరు పేరు రాసే గడిలో మూడు పేర్లు పట్టక, రెండు మార్జిన్లో రాసుకున్నాడు.