పెద్దాయనకు మెమరీ పెంచిన వైనం

మనిషి బతికి ఉన్నాడా లేడా అన్నది ఆ మనిషి తేల్చుకునే విషయం కాదు. భార్యాబిడ్డలు తేల్చే విషయం అంతకన్నా కాదు. అది పింఛన్ల కార్యాలయంలోని కంప్యూటరు తేల్చాలి. ఊపిరి, నాడి, గుండె చప్పుడు లాంటివి సహాయక ఆధారాలు మాత్రమే (వెంట తెచ్చుకుంటే అభ్యంతరం లేదు, కానీ అవి చాలవు).

ఆ కార్యాలయంలో ఉన్నది ఒకే కంప్యూటరు. బల్ల కింద పెట్టె, బల్ల మీద తెర. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు విరిగిన పాల రంగుకు వచ్చింది. సూపరింటెండెంటు గారిని మినహాయిస్తే అక్కడ అందరికన్నా ముందు ఉద్యోగంలో చేరింది అదే కనుక సిబ్బంది దాన్ని పెద్దాయన అంటారు. గౌరవ వాచకం లేకుండా మాట్లాడరు. పొద్దున మీట నొక్కాక "పెద్దాయన లేచారా?" అని ఒకరు అడిగితే, "కళ్లు నులుముకుంటున్నారు" అని మరొకరు జవాబు చెబుతారు. ఆయన పూర్తిగా లేచేలోగా ఆపరేటరమ్మాయి బల్ల తుడిచి, కుండీలకు నీళ్లు పోసి, వాళ్లమ్మకు ఫోను చేసి, ఏదో మాట మీద అలిగి, మళ్లీ కలిసిపోయేది.

పింఛను తీసుకునే ప్రతివారూ ఏడాదికోసారి వచ్చి పెద్దాయన ఎదుట కూర్చోవాలి. ఆయన ముఖం చూసి, "ఉన్నారు" అని నమోదు చేస్తారు. నిరుడు గంటల తాత అలాగే వచ్చి కూర్చున్నాడు. ఆయన జీవితమంతా బడిలో గంట కొట్టాడు. ఆపరేటరమ్మాయి కూడా ఆ గంట విని పరిగెత్తిన పిల్లే. సందు మలుపులో ఆమె రెండు జడలు కనిపిస్తే తాత గంట దగ్గర గొంతు సవరించుకుంటూ కాస్త ఆలస్యం చేసేవాడు. అటువంటి తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెప్ప వేస్తే ఎక్కడ అభ్యంతరం చెబుతారోనని కళ్లు విప్పార్చి కూర్చున్నాడు. ఆమె "ఉన్నారు" మీద నొక్కింది. సరిగ్గా ఆ క్షణాన పెద్దాయన బిగుసుకుపోయారు. ఆపి, మళ్లీ లేపి చూస్తే "లేరు" అని రాసుకున్నారు.

అప్పటినుంచి తాత లేడు.

లేనివాడు ఎలా బతుకుతాడో తాత నెమ్మదిగా నేర్చుకున్నాడు. బ్యాంకువారు సంతాపం తెలుపుతూ ఇంటికి ఉత్తరం పంపితే తానే సంతకం పెట్టి తీసుకున్నాడు. మంచి మాటలే రాశారని మెచ్చుకున్నాడు కూడా. కానీ రక్తపోటు మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్తే, చనిపోయినవారికి రక్తపోటు ఉండదని కిటికీలోంచి తిప్పి పంపేశారు (వైద్యశాస్త్రపరంగా ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు). మాత్రలు లేక ఆయనకు కళ్లు తిరగసాగాయి. కూతురు తన గాజులు సర్దుకుంటూ, బయట దుకాణంలో కొందాంలే నాన్నా అంది. ఆయన ఒప్పుకోలేదు. దొంగతనంగా బతకడం తనకు చేతకాదన్నాడు.

తాతను బతికించడం ఆపరేటరమ్మాయికి తెలియక కాదు. పాత పింఛను వివరం, మరణం నమోదు, దాని రద్దు, కొత్త ఫొటో, ఈ నాలుగూ తెర మీద ఒకేసారి తెరిచి ఉంచాలి. మూడోది తెరిచేసరికి పెద్దాయన తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలయ్యేది. నాలుగోది ముట్టుకుంటే అన్నీ మూసుకుని ధ్యానంలోకి వెళ్లిపోయేవారు. తాత రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. విసుక్కునేవాడు కాదు.

"తొందరేం లేదు తల్లీ. కాకపోతే నేను బతికుండగానే బతికించు" అన్నాడు ఒకరోజు. ఆ వేళ ఆమెకు అన్నం సయించలేదు.

ఆమె ఆడపడుచు కంప్యూటర్లు బాగుచేస్తుంది. పాత కంప్యూటరుకు మెమరీ పెంచితే పని చురుగ్గా సాగుతుందా అని అడిగితే, వంటింటి గట్టుతో పోల్చి చెప్పింది. గట్టు ఇరుకైతే, ఒక గిన్నె పెట్టాలంటే ఇంకోటి తీసి సామాన్ల గదిలో పెట్టి రావాలి. తిరుగుడుతోనే పొద్దుపోతుంది. గట్టు వెడల్పు చేస్తే ఆ తిరుగుడు తప్పుతుంది. వండే మనిషి చేతి వేగం మాత్రం మారదు, గట్టు నిండకుండానే నిదానించే వంటమనిషికి ఎంత గట్టు కట్టించినా దండగే. మీ పెద్దాయనది ఇరుకు జబ్బే వదినా, పెంచి చూడండి అంది.

ఆపరేటరమ్మాయి సూపరింటెండెంటు గారికి అర్జీ పెట్టుకుంది. ఆయన దాన్ని మూడుసార్లు చదివి, కళ్లజోడు తీశారు.

"ఇన్నేళ్లు పనిచేసినాయనకి జ్ఞాపకశక్తి తగ్గడం సహజం అమ్మాయ్. నాకూ తగ్గింది. నాకెవరన్నా పెంచారా?"

అది మనుషుల జ్ఞాపకం కాదనీ, లోపల అమర్చే పలకలాంటి భాగమనీ ఆమె వివరించింది. అంత చిన్న భాగం కోసం అంత పెద్ద సంస్థను కదపవలసి వస్తుందేమోనని ఆయన విచారించి, అర్జీని పైకి పంపారు. పైవారు ఆలోచించి, "పాత పరికరాలకు మెమరీ పెంచుటవలన పనితీరు మెరుగుపడునా" అనే అంశంపై ఉపసంఘం వేశారు. జ్ఞాపకశక్తి ఆరోగ్యానికి సంబంధించినది కావడంతో సంఘంలో ఒక డాక్టరును చేర్చారు.

డాక్టరు గారు నిజాయితీపరుడు. ఎవరి పక్కనైనా కుర్చీ వేసుకుని కూర్చుని, తీరిగ్గా పరీక్షించే మనిషి. పెద్దాయన వీపు మీద చెయ్యి వేసి, ఒళ్లు కాలుతోందన్నారు. నిద్ర బాగా పడుతుందా అని అడిగితే, పనివేళల్లో పడుతుందని ఆమె చెప్పింది. పేర్లు మరిచిపోతారా అన్నారు. మరిచిపోరు సార్, గుర్తు రావడానికే టైం పడుతుంది అంది. ఆ వయసుకు అది మంచి లక్షణమేనని రాసుకుని, భోజనం తర్వాత కాసేపు విశ్రాంతి ఇవ్వవలసిందిగా సిఫారసు చేశారు. ఆ సిఫారసును మాత్రం ఆ రోజు నుంచే అమలు చేశారు (పెద్దాయన ఒక్కరే విశ్రాంతి తీసుకుంటే చిన్నబుచ్చుకుంటారని సిబ్బంది కూడా తీసుకున్నారు).

ఆ తర్వాత ఉపసంఘానికి ధర్మసందేహాలు వచ్చాయి. మెమరీ పెంచాక పనితీరు మెరుగుపడకపోతే ఆపరేటరు బాధ్యత అని సులువుగానే తేలింది. ఒకవేళ మెరుగుపడితే ఎవరు బాధ్యత వహించాలన్నది ఎంతకీ తేలలేదు. చివరికి ప్రయోగాత్మకంగా, ఎవరి బాధ్యతా లేకుండా, పెంచవచ్చునని అనుమతి వచ్చింది.

ఆడపడుచు వచ్చి పెట్టె మూత తీసి, దుమ్ము ఊది, పలకను లోపల నొక్కి, మూత బిగించింది. టీ ఇస్తామన్నా ఆగలేదు.

మర్నాడు పొద్దున ఆపరేటరమ్మాయి మీట నొక్కి కుండీల వైపు తిరిగింది. వెనక నుంచి పెద్దాయన లేచిన చప్పుడు వినిపించింది. నీళ్ల చెంబు చేతిలోనే ఉంది. సిబ్బంది ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంత పొద్దున్నే పని మొదలుపెట్టిన అనుభవం ఎవరికీ లేదు.

తాతను కూర్చోబెట్టింది. పాత వివరం తెరుచుకుంది. మరణం తెరుచుకుంది. రద్దు తెరుచుకుంది. నాలుగోది ముట్టుకునేముందు ఆమె వేలు ఆగింది. తాత గొంతు సవరించుకున్నాడు. ఆమె నొక్కింది. తెర మీద ఆయన ముఖం వచ్చింది, కింద "ఉన్నారు" అని పడింది.

తాత కాసేపు తన పేరు చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత లేచి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, మాత్రలకు వెళ్తున్నానని చెప్పి, వరుసలో నిలబడిన వారందరికీ వినపడేలా నడుచుకుంటూ వెళ్లాడు. అంత చప్పుడు చేస్తూ నడిచే మనిషి కాదాయన.

ఇక చూడండి. నిరుడు అలాగే పోయిన టైలరు లేచాడు. తపాలా బంట్రోతు లేచాడు. విడాకులు కావాలంటూ ఎన్నాళ్లుగానో పోట్లాడుకుంటూ, ఒకేరోజు పోయినందుకు రాజీపడిన దంపతులు లేచారు, లేచీ లేవగానే పాత పోట్లాట అందుకున్నారు. వరుస ఎంత జోరుగా కదిలిందంటే, వెనకవాళ్లకు ముందువాళ్ల కష్టాలు పూర్తిగా వినే వీలు లేకుండా పోయింది. పనైపోయిందని చెప్పినా నమ్మక కొందరు మళ్లీ వెళ్లి చివర నిలబడ్డారు.

తాత వెనక వరుసలో అప్పటికి ఇంకా లేవనిది రిటైరైన నర్సమ్మ ఒక్కతే. ఊళ్లో సగం మందిని భూమ్మీదకు తెచ్చిన చెయ్యి ఆమెది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంటుండగా, చేతిలో కాస్త ఖాళీ దొరికిన పెద్దాయన, ఇన్నాళ్లూ గట్టు చాలక పక్కన పెట్టిన పనులు వాటంతటవే చేసుకోసాగారు. తెర మీద పెద్ద అక్షరాలతో ఒక సమాచారం వచ్చింది. సూపరింటెండెంటు గారు రెండేళ్ల కిందటే రిటైరయ్యారు.

సూపరింటెండెంటు గారు వచ్చి, చదివి, కళ్లజోడు తుడిచి మళ్లీ చదివారు. ఆయన ముఖంలో కోపం లేదు, నడిరోడ్డు మీద చెప్పు తెగినవాడి దిగులు ఉంది. ఇంటికి వెళ్లి ఏం చేస్తానమ్మాయ్ అని గొణిగారు. మరుక్షణం తేరుకుని పైవారికి ఫోను చేశారు. పైవారిలో కొందరికి తమ పుట్టినరోజులు గుర్తుకొచ్చాయి. గంట తిరక్కముందే ఉపసంఘం తుది నివేదిక వచ్చింది. పాత కంప్యూటరుకు మెమరీ పెంచినచో పనితీరు మెరుగుపడును. కావున పెంచరాదు.

పలక తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. పెద్దాయన మళ్లీ చక్రం తిప్పుకోసాగారు. రిటైర్మెంటు సంగతి ఆయన కడుపులో పదిలంగానే ఉంది, కానీ బయటికి తీయాలంటే తెర మీద నాలుగు కిటికీలు తెరవాలి.

నర్సమ్మ కుర్చీలోంచి కదల్లేదు. ఆపరేటరమ్మాయి తల వంచుకుని, నాలుగోది ముట్టుకోవడం, అంతా మూసుకుపోవడం, మళ్లీ మొదలుపెట్టడం, అలా చేస్తూనే ఉంది. చివరికి నర్సమ్మ వెనక్కి తిరిగి సూపరింటెండెంటు గారిని చూసింది.

"మీరు రిటైరయ్యారట గదా బాబూ."

"ఎవరన్నారు?"

"కంప్యూటరే అందిగా, అందరం చూశాం."

"మీరు పోయారని కూడా అదే అందమ్మా. అన్నదల్లా నమ్ముతామా?"

ఆవిడ ముఖం విప్పారింది. "అయితే నేనున్నట్టేగా?"

సూపరింటెండెంటు గారు తమ కుర్చీలో వెనక్కి వాలి, చాలా మర్యాదగా చెప్పారు.

"అది కంప్యూటరు చెప్పాలమ్మా."