నూట పదిహేడో చీటీ

ఆ సోమవారం ఉదయానికి జయకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి గది ఊడ్వడం, తొమ్మిదింటికి చాప పరవడం, పదకొండింటికల్లా ఆ చాప మీద ఐదుగురిని కూర్చోబెట్టడం. ఐదుగురు చాలు. కడప నుంచి వచ్చే చర్చి సంఘ పెద్దలకు ఐదు తలకాయలు కనిపిస్తే, ఏడాది సేవ వృథాగా పోలేదని నమ్ముతారు. ఆ ఐదుగురిలో ఇద్దరు తామే కాబట్టి, రప్పించాల్సింది ముగ్గురినే.

జయకుమార్ ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూసే గుమాస్తా. భార్య మహిమ ఒక మిషన్ ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాసేది. పట్నంలో ఒక పేదవీధిలో ఏడాదిపాటు కాపురం ఉండి సేవ చేసే దంపతులు కావాలని పోయిన సంవత్సరం ఆరాధనలో ప్రకటిస్తే, చెయ్యెత్తింది మహిమ. ఆ చేతిలో జయకుమార్ చెయ్యి ఉండటం వల్ల అది కూడా లేచింది. అట్లా ఇద్దరూ సెలవు పెట్టుకుని కర్నూలు సున్నపుబట్టీ వీధిలో ఒక రేకుల గదికి వచ్చి పడ్డారు.

వచ్చాక పనికి కొదవ లేదు. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు. మందుచీటీలు చదివి ఏ మాత్ర ఎప్పుడు మింగాలో చెప్పేవాళ్లు. ఆస్పత్రికి తోడు వెళ్లేవాళ్లు. అన్నిటికీ జనం వచ్చేవారు గానీ, బైబిలు వాక్యం వినడానికి మాత్రం ముగ్గురే వచ్చేవారు. అందులో పక్కింటి నాగలక్ష్మమ్మ ఫ్యాను గాలి కోసం వచ్చేది. ఆ సంగతి ఆమే చెప్పేది. ఆదివారం ఎవరూ తీరికగా దొరకడం లేదని ప్రార్థన కూడికను సోమవారం పొద్దుటికి మార్చారు. మార్చినా అదే ముగ్గురు.

పది రోజుల కిందట సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవారు సంఘ పెద్ద గాబ్రియేలు గారు. ముప్పయ్యేళ్లు హెడ్మాస్టరుగా పనిచేసి, ఎంత బాగా రాసిన పిల్లవాడికైనా నూటికి నలభై దాటి వేయని మనిషి. "మీ సేవకు ఫలము కనబడినచో మరియొక సంవత్సరము పొడిగింతుము. లేనియెడల గది ఖాళీ చేసి రాగలరు" అని రాశారు.

మహిమకు రెండు రోజులు ముద్ద దిగలేదు. "ఈ పిల్లోళ్లకు లెక్కలు ఇప్పుడిప్పుడే తలకెక్కుతాండాయి. నడిమధ్యలో ఇడిసిపెట్టి యాడికి పోదామండీ?" అని కళ్లు తుడుచుకుంది. జయకుమార్‌కూ వెళ్లాలని లేదు. పుట్టి బుద్ధెరిగాక తను ఒకరికి పనికొచ్చానని అనిపించింది ఈ వీధిలోనే. చాప మీద ఐదుగురు అనే పథకం అందులోంచి పుట్టిందే.

అయితే తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, ఈలోగా మహిమ అలవాటొకటి తన పని తాను చేసుకుపోతోంది.

ఎవరైనా ఫలానా కష్టం కోసం ప్రార్థన చేయమని అడిగితే, సరేనని చెప్పి మరచిపోవడం దేవుడితో అబద్ధమాడటమేనని మహిమ నమ్మకం. అందుకని కూడిక రోజు గుమ్మంలో ఒక మేజా వేసుకుని రిజిస్టరులో రాసేది. నంబరు, పేరు, కష్టం, తేదీ, చివర 'జవాబు వచ్చిందా' అని ఒక గడి. ఆస్పత్రి చెయ్యి ఊరుకోదు కనుక, అదే నంబరు చిన్న చీటీ మీద వేసి చేతికిచ్చేది. కష్టం తీరాక ఆ చీటీ తెచ్చి చూపిస్తే గడి నింపేది.

పోయిన సోమవారం నాగలక్ష్మమ్మ వచ్చి, కొళాయిలో నీళ్లు రాక ఆరు రోజులైందని వాపోయింది. మహిమ పదహారో నంబరు వేసి చీటీ ఇచ్చి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. రెండో రోజు నీళ్లొచ్చాయి. ఎందుకొచ్చాయో ఆ వాల్వు తిప్పినవాడికే తెలియాలి. నాగలక్ష్మమ్మ మాత్రం చీటీని కొంగున ముడేసుకుని ముప్పై ఇళ్లు తిరిగింది.

"సోమారం పొద్దున ఆ పాప మేజా ఏసుకొని కూసుంటాది. మన కష్టం పుస్తకంలో రాసుకుంటాది. నంబరేసి చీటీ ఇస్తాది. నాకు రెండో దినమే నీళ్లొచ్చె!"

ప్రార్థన అనే మాట ఆమె కావాలని దాచలేదు. అది అంత ముఖ్యమని ఆమెకు తోచలేదు, అంతే. కానీ సోమవారమంటే ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే రోజని ఈ జిల్లాలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. సోమవారం, మేజా, పుస్తకం, నంబరు చీటీ. ఇన్ని కలిశాక ఇంకా అనుమానం ఎవరికుంటుంది?

దానికి తోడు ఆదివారం సాయంత్రం మహిమ నాగలక్ష్మమ్మతో, "రేపు కడప నుంచి పెద్దోళ్లు వస్తాండారవ్వా. ఈడ ఏడాదిగా ఏం పని జరిగిందో తనిఖీ చేస్తారంట" అని తన గుండెల్లో గుబులు చెప్పుకుంది. నాగలక్ష్మమ్మ పళ్లెంలో అన్నం అట్లానే వదిలేసి మళ్లీ ముప్పై ఇళ్లకు బయలుదేరింది.

సోమవారం ఆరింటికి జయకుమార్ చీపురుతో తలుపు తీసేసరికి వీధి మొగదాకా మనుషులు బారులు తీరి ఉన్నారు. ముసలివాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు, కోసిగి నుంచి పనికి వచ్చి వీధి చివర గుడిసెల్లో ఉండే కూలీలు. చీపురు చేతిలోంచి జారిపోయింది.

"మహిమా! ఉజ్జీవం! ఉజ్జీవమొచ్చింది, వీధంతా దేవుని తట్టు తిరిగింది, లెయ్!" అని కేకపెట్టాడు.

కళ్లవెంట నీళ్లు కారుతుండగా, ఉన్నపాటున గొంతెత్తి ఒక కీర్తన అందుకున్నాడు. ఆఫీసు పని మొదలయ్యే ముందు పాడే పాట కాబోలనుకుని జనమంతా చేతులు కిందికి చాచి నిటారుగా నిలబడ్డారు. ఇంత భక్తిని జయకుమార్ ఎర్రగుంట్ల చర్చిలో కూడా చూడలేదు.

పాట అయ్యాక ముందున్న ముసలాయన ఒక కాగితం చాచాడు. "మా సందులో దీపం ఎలగక నెల దినాలాయె సారూ. పొద్దుగూకితే పిల్లోళ్లు బయటికి రాలేకుండారు."

రెండో కాగితంలో పూడిపోయిన కాలువ ఉంది. మూడోదానిలో పింఛను. నాలుగోదానిలో పక్కింటివాళ్ల బర్రె. చూడబోతే అన్ని కాగితాలూ ఒకే దస్తూరీలో ఉన్నాయి. తలెత్తి చూస్తే, రోజూ తాలూకా ఆఫీసు ముందు కూర్చుని అర్జీలు రాసే కంబన్న, ఆ రోజు తన బల్లను మోసుకొచ్చి గది ఎదురుగా వేసుకుని ఉన్నాడు. ప్రతి అర్జీ 'మహారాజశ్రీ మహిమ మేడం గారి దివ్యసముఖమునకు' అని మొదలవుతోంది.

జయకుమార్‌కు ఉజ్జీవం అక్కడితో దిగిపోయింది. "అయ్యా, మేము గవర్నమెంటోళ్లం కాదు! ఇది ఆఫీసు కాదు!" అన్నాడు.

"యా ఆఫీసుకు పోయినా మొదట ఇదే మాట చెప్తారు సారూ" అన్నాడు ముసలాయన ఓపిగ్గా. "రాసుకోండి."

మహిమ బయటికి వచ్చి చూసింది. ఏం చేయాలో తోచక, తోచనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది. కూర్చుని రాయడం మొదలుపెట్టింది. "రాసుకుంటే తప్పేముండాదండీ? అందరి కోసం ప్రార్థన చేద్దాం. కాకపోతే శానా సేపు పడతాది."

ఎనిమిదింటికి బుల్లెట్టు మోటారుసైకిలు శబ్దం వినిపించింది. వచ్చినవాడు ఆ వీధి నాయకుడు ఓబులేసు. తన పేటలో తనకు తెలియకుండా ఎవరో ఆఫీసు తెరిచారని విని నిద్రమొహంతోనే వచ్చాడు.

"ఏమప్పా జయకుమారూ! నా పేటలో కుర్చీ ఏసుకొని నాకొక మాటన్నా చెప్పల్ల గదా? ఏ పార్టీ మీది?"

"పార్టీ లేదన్నా. పదకొండుకు కడప నుంచి మా పెద్దలు వస్తాండారు. ఆళ్లు వచ్చేలోపల ఈ జనాన్ని నువ్వే ఎట్లన్నా పంపియ్యల్ల" అని జయకుమార్ అతని చేతులు పట్టుకున్నాడు.

ఓబులేసు ముఖంలో రంగు మారింది. "అంటే... తనిఖీ నిజమేనా?"

"నిజమే. అదే మా భయం."

ఇంత నిజాయితీగా భయపడే మనిషిని ఓబులేసు రాజకీయాల్లో ఎన్నడూ చూడలేదు. అది అతనికి వెంటనే అంటుకుంది. పక్కకు వెళ్లి కార్పొరేషన్ ఇంజినీరుకు ఫోన్ చేశాడు. "సారూ, పైనుంచి పెద్ద టీము దిగుతాండాది. నూరు మంది అర్జీలు పట్టుకొని నిలబడిండారు. నేను చెప్పల్యా అనొద్దు."

ఇక చూడాలి. తొమ్మిదింటికి ఇంజినీరు వచ్చాడు. వెనకే కాలువ తోడే బండి, ఇద్దరు లైన్‌మన్లు, నిచ్చెన, సున్నం బస్తాలు వచ్చాయి. నెల రోజులుగా వెలగని దీపం, తొందరలో ఎవరూ ఆపకపోవడం వల్ల, పట్టపగలే వెలుగుతూ ఉండిపోయింది. కాలువలోంచి రెండు పరుపులూ ఒక చిన్నపిల్లల సైకిలూ బయటపడ్డాయి. సైకిలు తనదని ఒకామె తీసుకుపోయింది. బర్రె కేసును ఓబులేసు స్వయంగా రాజీ చేశాడు. పది గంటలకు సున్నపుబట్టీ వీధిలో, ఆ పేరు పెట్టాక మొదటిసారి కాబోలు, రెండువైపులా సున్నం గీత పడింది.

గదిలో మాత్రం జయకుమార్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "మహిమా, ఒక మాట. పెద్దలకు మనమేం చెప్పొద్దు. నూరు మందిని ఆళ్ల కళ్లతో ఆళ్లే చూస్తారు. ఇంకో ఏడాది ఇస్తారు. మన నోటితో అబద్ధమైతే రాలేదు గదా?"

మహిమ కలం ఆపింది. తనకూ అదే ఆశ లోపల కదిలింది గానీ, రిజిస్టరు మూసేసింది. "ఈ జనం మనల్ని నమ్మి వచ్చినారండీ. వేరే ఎవరో అనుకొని నమ్మినారు. దాన్ని మన ఫలమని చూపించి ఈడ ఉండేదానికంటే, నిజం చెప్పి మూట కట్టుకుందాం."

జయకుమార్ తల వంచుకున్నాడు. చెయ్యెత్తేటప్పుడు ఆమె వెంట లేచినవాడు, ఇప్పుడు కూడా ఆమె వెంటే లేచాడు.

పదకొండింటికి ఆటో ఆగింది. తెల్లచొక్కా, తెల్లపంచె, చంకలో నల్ల సంచి, ముఖాన చిరునవ్వు లేకుండా గాబ్రియేలు గారు దిగారు. వెంట ఇద్దరు పెద్దలు. మనిషి తీరు చూడగానే ఇంజినీరుకు అనుమానమన్నది లేకుండా పోయింది. ఓబులేసు దండ వేశాడు. ఇద్దరూ ఆయనను కాలువ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వంగి చూశారు.

"ఎన్నాళ్లయింది ఇది తీసి?" అని అడిగారు.

ఇంజినీరుకు చెమటలు పట్టాయి. "ఇప్పుడే సార్... అంటే, ఎప్పటికప్పుడు సార్."

ఆయన 'ఊఁ' అన్నారు. హెడ్మాస్టరు నోట వచ్చిన ఆ 'ఊఁ' ఎంతటివాడినైనా ఏడో తరగతికి దించుతుంది. ఇంజినీరు వెంటనే ఇంకొక సందుకు మనుషులను పంపాడు.

అప్పుడు జయకుమార్ స్టూలెక్కాడు.

"అందరూ ఇనండి! మేము ఆఫీసరులం కాము. ఈ అయ్యగారు మా సంఘ పెద్ద. ఈయన వచ్చింది మిమ్మల్ని చూడడానికి కాదు, మమ్మల్ని తనిఖీ చేయడానికి. మా ఆవిడ ఇచ్చిన చీటీలు ప్రార్థనకు. అర్జీకి కాదు. మీరు పొరపాటు పడినారు. మేము ముందే గట్టిగా చెప్పకపోవడం మా తప్పు. అయ్యగారూ, మా కూడికకు వచ్చేది ముగ్గురే. ఈ జనం మా ఫలం కాదు."

రెండో దండ పట్టుకున్న ఓబులేసు చేతులు గాల్లో ఆగిపోయాయి. ఇంజినీరు మొహం ఎర్రబడింది. "తనిఖీ కాదా? నిచ్చెన దించండ్రా!" అని అరిచాడు.

"యాడికి దించుతావు నాయనా?" అంటూ నాగలక్ష్మమ్మ ముందుకొచ్చింది. "ఆ పాప కలెక్టరు కాదని నాకు తెలీదా? కలెక్టరు నాకు బీపీ మాత్రలు గుర్తు చేస్తాడా? నా మనవరాలికి జొరమొస్తే ఆస్పత్రి అరుగు మీద తెల్లార్లు కూసునేది ఈ పాపే. మా మాట ఎవరన్నా ఉత్త చేతులతో ఇంటారు. పుస్తకంలో రాసుకునేది ఈమె ఒక్కతే. రాసుకునేవాళ్ల కాడికి రాక ఇంకెవరి కాడికి పోవల్ల?"

వరుసలో తలలన్నీ ఊగాయి. ముసలాయన తన కాగితాన్ని మళ్లీ చాచాడు. "అర్జీ కాకుంటే ప్రార్థనే రాయమ్మా. ఏదన్నా సరే, నంబరు మాత్రం ఇయ్యి."

గాబ్రియేలు గారు ఆ రిజిస్టరు అడిగి తీసుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. జనమంతా ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా చూస్తున్నారు. చివరి గడి దగ్గర ఆయన వేలు ఆగుతూ సాగింది. 'గడ్డ మంచిదేనన్నారు. తోడు పోయినాం.' 'లెక్కల్లో పాసైనాడు.' 'ఇంకా తాగుతాండాడు. ఇంకా ప్రార్థన చేస్తాండాం.' ఆ మూడో దాని దగ్గర ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఎండ మరీ అంతగా లేదు.

"ముగ్గురే వస్తారన్నావా?" అన్నారు జయకుమార్‌తో. "నూటికి తొంభై."

పక్కనున్న పెద్దలిద్దరూ ఉలిక్కిపడి ఆయన వైపు చూశారు. వాళ్లు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు.

"ఒక సంవత్సరం చాలదు. రెండు సంవత్సరాలుండండి" అన్నారాయన. మహిమ అక్కడే ఏడ్చేసింది. వీధంతా ఈలలు వేసింది. నూరు మంది ఎదుట వెనక్కి తగ్గడం రాజకీయంగా ఎంత ప్రమాదమో లెక్కవేసుకున్న ఓబులేసు, గాల్లో ఉన్న దండను తెచ్చి మహిమ చేతికిచ్చాడు. "ప్రతి సోమారం ఈ కాగితాలు నేనే తీసకపోయి ఆఫీసులో ఇస్తానమ్మా. మీరు ప్రార్థన చూసుకోండి, తిరిగేది నేను చూసుకుంటా" అని అందరూ వినేలా ప్రకటించాడు. నాయకుడు మాట అన్నాక తప్పుతుందా, ఇంజినీరు కూడా నిచ్చెన మళ్లీ ఎత్తించాడు.

నూట పదహారో చీటీతో వరుస అయిపోయింది. అప్పుడు గాబ్రియేలు గారు మెల్లగా వచ్చి మేజా ముందు స్టూలు మీద కూర్చున్నారు.

"కడపలో మా ఇంటి ముందు కాలువ పూడి మూడేండ్లయిందమ్మా."

మహిమ కలం తీసింది. "ఇంజినీరుగారికి రాయాల్నా అయ్యగారూ, ప్రార్థనకు రాయాల్నా?"

"కడప నా కిందికి రాదు సార్" అన్నాడు ఇంజినీరు వెంటనే.

"అయితే ప్రార్థనకే రాయి."

నూట పదిహేడో చీటీని ఆయన బైబిల్లో భద్రంగా పెట్టుకుని ఆటో ఎక్కారు. ఆటో నాలుగడుగులు వెళ్లి ఆగింది. గాబ్రియేలు గారు దిగి వచ్చి, చీటీ మీద ముద్ర వేయలేదేమని అడిగారు.