మామగారు దగ్గరుండి కట్టించిన గది

రంగుల దుకాణం యజమాని ఆ ఉదయం నోట్లో బ్రష్షుతో కారు షెడ్డు ముందు నిలబడి, తన జీవితంలోకెల్లా లాభసాటి ఆలోచన చేశాడు. పద్దెనిమిది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. కారుకి ఇంత చోటెందుకు? అది నడుం వాల్చదు, దొర్లదు, గురక పెట్టదు. ఈ మూడూ చేసే మామగారేమో ఏడు నెలలుగా అతని పడగ్గదిలో, అతని మంచం మీద ఉన్నారు. మోకాలి వైద్యానికని వచ్చారు. మోకాలు మూడో నెలలోనే బాగుపడింది, మంచం మాత్రం ఖాళీ కాలేదు. భార్య పిల్లల గదిలో సర్దుకుంది. ఆరడుగుల అల్లుడు హాల్లో అయిదడుగుల సోఫాలో మడతమంచంలా పడుకుంటున్నాడు.

"మీ నాన్నగారి మోకాలు ఎలా ఉందంటావ్?" అని భార్యని కదిపాడు.

"నిన్న మేడెక్కి ఆరేసిన బట్టలు తెచ్చారు. ఏం?"

"అబ్బే, ఊరికే."

"మీరు ఊరికే ఏదీ అడగరుగా!"

అంతకు మించి అడగడం అల్లుడి నోటికి చేతకాదు. కానీ అతను వ్యాపారి. సరుకు మనం అంటగట్టకూడదు, కొనేవాడే చేతులారా ఎంచుకోవాలి అన్నది ఇరవై రెండేళ్ళుగా అతని సూత్రం. తాను ఎంచుకున్న డబ్బాని ఎవడూ వెనక్కి తీసుకురాడు. మామగారే దగ్గరుండి గది కట్టిస్తే, అందులో ఉండనని ఏ మొహంతో అంటారు?

"మామయ్యగారూ, కారు షెడ్డుని గదిగా మారుద్దామని ఉంది. మీరు కాస్త దగ్గరుండి చూసుకుంటే..."

మామగారు కట్టడాల శాఖలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. అప్పట్నించి కేకలేయడానికి మనుషులు దొరక్క చిక్కిపోయారు. పేపరు మడిచి పక్కన పెట్టి లేచారు. "నువ్వింకేం చెప్పకు బాబూ. నాకు తెలుసు," అన్నారు, అల్లుడి భుజం తడుతూ. గది ఎవరికన్నది అల్లుడు చెప్పలేదు, మామగారు అడగలేదు. చెప్పకుండానే బేరం కుదిరిందని అల్లుడు పొంగిపోయాడు.

మర్నాడు కారు వీధిలోకి వెళ్ళింది. మామగారు మేస్త్రిని వెంటేసుకుని నీళ్ళ గొట్టంతో నేల మట్టం చూశారు. "అడుగున్నర వాలు! ఇక్కడ పడుకున్నవాడు తెల్లారేసరికి గేటు దగ్గర తేలతాడు. నింపు!" నింపారు. నేల లేచింది కాబట్టి షట్టరు కిందికి దిగలేదు. షట్టరు పీకి గోడ కట్టారు. గోడ కట్టాక చూస్తే కప్పు నెత్తి మీదికొచ్చింది.

"పొడుగు మనిషికి ఫ్యానులో తల పడుతుంది. కప్పు లేపాల్సిందే," అన్నారు మామగారు.

మామగారు చెప్పులతో కలిపి అయిదడుగుల రెండంగుళాలు. ముసలాయనకి తన పొడుగు మీద మంచి అంచనాలే ఉన్నాయని అల్లుడు లోపల నవ్వుకుని, సరే లేపమన్నాడు. కప్పు లేపితే కరెంటు తీగ అడ్డొచ్చింది. తీగ మార్చేదాకా రెండు రోజులు ఇల్లంతా చీకటి, ఫ్రిజ్‌లో పాలు పెరుగైపోయాయి. గుమ్మానికి మూడు మెట్లు పడ్డాయి.

"మెట్లంటే మోకాళ్ళకి ఇబ్బందేమో మామయ్యగారూ?"

"భలేవాడివే! వయసులో ఉన్నవాళ్ళు మూడు మెట్లెక్కలేకపోతే ఎలా?"

డెబ్భై నాలుగేళ్ళ మనిషికి ఇంత ధీమా ఉన్నందుకు అల్లుడు ముచ్చటపడ్డాడు. ఏడడుగుల మంచానికి ఆయన ఆర్డరిస్తే, దొర్లడానికి కాబోలనుకున్నాడు. చివరికి రంగుల మాట వచ్చింది. దుకాణంలో నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టని ముదురాకుపచ్చ డబ్బాలు పదకొండు ఉన్నాయి.

"ఆకుపచ్చయితే చల్లగా ఉంటుంది మామయ్యగారూ."

"నీకిష్టమేనా? మొహమాటపడకు."

"నాకా? ప్రాణం!"

ఈ లోపల వీధిలో కారుకి ఒక పక్క అద్దం పోయింది, టాపు మీద పిల్లులు కాపురం పెట్టాయి. పక్కింటాయన తన గేటుకి అడ్డమని మూడుసార్లు తగువుకొచ్చాడు. అల్లుడు అన్నిటికీ తల ఊపాడు. మంచం చేతికి రాబోయేవాడికి అద్దమొక లెక్కా?

ఆదివారం ఉదయం గది సిద్ధమైంది. మామగారు మేస్త్రినీ, తగువులాడిన పక్కింటాయన్నీ కూడా పిలిచి గుమ్మం ముందు నిలబెట్టారు. తాళంచెవి చేత్తో పట్టుకుని గొంతు సవరించుకున్నారు.

"ఏడు నెలలుగా నా అల్లుడు నాకోసం సోఫాలో ముడుచుకు పడుకున్నాడు. ఒక్క రోజు మొహం చిట్లించలేదు. నాకే సిగ్గేసి, ఎవరికీ చెప్పకుండా ఊరికి టిక్కెట్టు తీయించుకున్నాను. మర్నాడే ప్రయాణం. సరిగ్గా అప్పుడొచ్చి షెడ్డుని గది చేద్దామన్నాడు. నన్ను పంపలేక, తనే షెడ్డులోకి పోతానన్నాడయ్యా! ఇలాంటివాణ్ణి వదిలి ఎక్కడికి పోను? టిక్కెట్టు చింపేశాను. ఇక నేను కదిలేది లేదు. ఇంద బాబూ, నీ కొలతకే కట్టించాను. వెళ్ళి హాయిగా పడుకో."

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. పక్కింటాయన కళ్ళు తుడుచుకుని, ఆ క్షణమే గేటు తగువు మాఫీ చేశాడు. అల్లుడు తాళంచెవి అందుకున్నాడు. అందుకోక ఏం చేస్తాడు?

మెట్లెక్కి లోపలికి వెళ్ళాక భార్య వెనకాలే వచ్చింది.

"నిజం చెప్పండి. ఈ గది మా నాన్నకనేగా మొదలెట్టారు?"

"తెలిసీ ఊరుకున్నావా?"

"మీరు చెబుతారేమోనని చూశాను. సరుకు బయట పెట్టకుండా బేరమాడేది మీరేగా! పైగా నాన్న ఇన్నేళ్ళకి కేకలేస్తూ హుషారుగా తిరుగుతుంటే పాడు చెయ్యబుద్ధి కాలేదు."

"మరి నేను?"

"మీకేమండీ, ఏడడుగుల మంచం," అని ఆమె దుప్పటి పరిచి వెళ్ళిపోయింది.

అతను వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు పూర్తిగా చాపుకున్నాడు. నాలుగు వైపులా ముదురాకుపచ్చ, నడినెత్తిన ఎండకి కాగుతున్న రేకులు, సందుల్లోంచి ఇంకా వదలని ఇంజనాయిలు వాసన. ఇందులో పదకొండేళ్ళుండి ఒక్క రోజు మొరాయించలేదంటే, ఆ కారు మంచి కంపెనీదే అయ్యుండాలి.