సెలవు మీద వెళ్ళిన సముద్రం

"ఆ సముద్రం మళ్ళీ వచ్చిందంటే మనం ఎటు పోతామే?" అని నూకరత్నం పైకే అనేసింది. అప్పటికి సముద్రం కొత్త గొందిపల్లె నుంచి సెలవు మీద వెళ్ళి కోట్ల ఏళ్ళయింది. సెలవు పొడిగించమని అడగలేదు, రాజీనామా ఇవ్వలేదు. కనుక నిబంధనల ప్రకారం అది ఇంకా ఆ స్థలంలోనే కొలువులో ఉన్నట్టు లెక్క. ఈ సంగతి నూకరత్నానికి తెలియదు. ఆమె మామూలుగా భయపడింది, అంతే.

కూతురు వీరవేణికి అది వినపడలేదు. వరండాలో డ్రమ్ము తిరుగుతోంది. వేణి పట్నంలో మిక్సీలూ కూలర్లూ బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. పాత కూలరు మోటారుకి రెండు ఇనప రూళ్ళూ ఒక మందపాటి రబ్బరు డబ్బా తగిలించి, రాళ్ళకి మెరుగు పెట్టే ఆ డ్రమ్ము తనే చేసుకుంది. డబ్బాలో రాళ్ళు, నీళ్ళు, గరుకుపొడి వేసి మూత బిగిస్తే అది వారాల తరబడి కరకరమంటూ దొర్లుతుంది. తర్వాత రాళ్ళు కడిగి ఇంకాస్త మెత్తటి పొడి, ఆపైన మరీ మెత్తటిది, చివరికి మెరుగుపొడి. కడగడంలో ఒక్క గరుకు రేణువు మిగిలిపోయినా పడ్డ కష్టమంతా పోయినట్టే. ఎందుకే ఇదంతా అంటే ఎందుకూ లేదు, సరదా.

ఆ రాళ్ళు కాలనీ నీళ్ళట్యాంకుకి పునాది తవ్వినప్పుడు బయటపడ్డాయి. ట్యాంకులోకి నీళ్ళు ఇంతవరకూ ఎక్కలేదు గానీ పునాది మట్టిలోంచి రాళ్ళు మాత్రం వచ్చాయి. అవి పగడాలని వేణి ఫోన్లో చూసి తెలుసుకుంది. చిన్న చిన్న ప్రాణులు గది పక్కన గది కట్టుకుని సముద్రం అడుగున బతికాయట. అవి పోయాక వాటి గూళ్ళలోకి చెకుముకిలాంటి గట్టిరాయి రేణువు రేణువుగా వచ్చి చేరిందట.

"అయితే మనుషులు పోయి గోడలు మిగిలాయన్నమాట" అంది నూకరత్నం.

"గోడలూ పోయాయమ్మా. వాటి చోట రాయి కూచుంది. గది గదికీ, గుమ్మం గుమ్మానికీ. చూస్తే తేడా తెలీదు."

నూకరత్నం వీధిలోకి చూసింది. అక్కడ రామాలయం వీధి, చాకిరేవు వీధి అని బోర్డులున్నాయి. రామాలయమూ చాకిరేవూ పాత గొందిపల్లెలో, ప్రాజెక్టు నీళ్ళ కింద ఉన్నాయి. ఖాళీ చేయించినప్పుడు పేర్లు మాత్రం లారీల్లో ఎక్కించుకొచ్చారు.

ఆమె భయాలకు అంతు లేదు. వేణి ఎక్కిన బస్సు ఆలస్యమైతే లోయలో పడిందనుకుంటుంది. ఫోను మోగితే ఎవరు పోయారోనని కూచుని మరీ ఎత్తుతుంది. ఇన్నేళ్ళలో ఆమె భయాల్లో నిజమైంది ఒక్కటే. పాత ఊళ్ళో ఉన్నప్పుడు, "నీళ్ళు మన గుమ్మందాకా వచ్చేస్తాయేమో" అంటే అందరూ నవ్వారు. నీళ్ళు గుమ్మం దాటి, కప్పు దాటి, కొబ్బరిచెట్ల మొవ్వులు దాటి వచ్చాయి. ఆనాటి నుంచి ఆమె ఏ భయాన్నీ కొట్టిపారేయడం మానుకుంది. ముందే అడిగి తెలుసుకుంటే ఏ గొడవా ఉండదని నమ్మకం పెట్టుకుంది.

అందుకే కూతురు దుకాణానికి వెళ్ళిన పూట, మెరుగు పూర్తయిన రాయి ఒకటి జేబురుమాల్లో చుట్టుకుని ముంపు నిర్ధారణ కార్యాలయానికి వెళ్ళింది.

ఉపాధికారి త్రివిక్రమరావు మర్యాదస్థుడు. కూర్చోమన్నాడు.

"ఇది మా కాలనీలో దొరికిందండి. ఒకప్పుడక్కడ సముద్రం ఉండేదంటండి. మళ్ళీ రాదు కదండీ?"

ఆయన రాయిని కిటికీ వెలుతురులో తిప్పాడు. నల్లటి రాతి నిండా తెల్లటి పూలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

"తడిగా ఉందే" అన్నాడు.

"లేదండి, పొడిదేనండి. మెరుగు పెడితే అలాగే కనపడతదంటండి."

ఆయన రుమాలుతో తుడిచాడు. ఫ్యాను కింద పెట్టాడు. గుమాస్తాను పిలిచి చూపించాడు. గుమాస్తా కూడా తడేనన్నాడు.

"చేత్తో ముట్టుకోండి బాబూ, పొడిగా తగులుద్ది."

"చేతికి తగిలేది మేం పరిగణించమమ్మా. కంటికి కనిపించేదే." ఆయన నిట్టూర్చాడు. "తడి ఆరలేదంటే నీళ్ళు ఉన్నట్టే. సముద్రం విధుల్లో చేరిపోయింది, మనమే చూసుకోలేదు. మీరొచ్చి చెప్పబట్టి తెలిసింది. టీ తాగుతారా?"

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. కొత్త గొందిపల్లె సముద్రం అడుగున ఉంది. కాబట్టి మంచినీళ్ళ ట్యాంకరు ఆపేశారు. సముద్రంలో ఉన్నవాళ్ళకి నీళ్ళు మోయడం వృథా ఖర్చు. తడి చేతులతో ప్రమాదం గనక కరెంటు పగలు తీసేశారు. బట్టలు బయట ఆరేయకూడదన్నారు. నీటి అడుగున బట్టలు ఆరితే తప్పుడు సాక్ష్యం అవుతుంది. పోస్టుమాన్ కాలనీ మొదట్లో సైకిలు దిగి, చెప్పులు చేతబట్టుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని వచ్చేవాడు. బళ్ళో పిల్లలకి మెల్లగా నడవడం నేర్పారు.

జనం పెద్దగా కంగారు పడలేదు. పక్కింటి గంగులమ్మ ఖాళీ బిందె బోర్లించి దానిమీద కూచుంది. "ఈసారి ఇళ్ళెక్కడిస్తారంట వదినా? కాస్త ఎత్తుమీద ఇమ్మనవే" అంది.

"ఇదే ఎత్తన్నారు గదే అప్పుడు!"

"అప్పటి ఎత్తు అది."

వేణి మాత్రం మండిపడింది. "దాని మానాన అది పోయిన సముద్రాన్ని నువ్వెళ్ళి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చావు గదమ్మా! అది వస్తానందా? నిన్ను పిలిచిందా?"

"రాదు కదా అనే అడిగానే. వస్తదా అని అడగలేదు."

"ఆఫీసోళ్ళని ఏదడిగినా అడిగినట్టేనమ్మా." వేణి రాత్రిళ్ళు తిరిగే డ్రమ్ము కూడా ఆపేసింది. ఆపేశాక ఇంటికి చెవుడు వచ్చినట్టయింది. ఇన్నాళ్ళూ ఆ కరకరతో తల పగిలిపోతుందని గొణిగిన నూకరత్నం, ఇప్పుడు అది లేక పీటమీద కుదురుగా కూచోలేకపోయింది. పిల్ల చేత సరదా మాన్పించాను, నీళ్ళు మాన్పించాను, ఇక ఇల్లు కూడా మాన్పిస్తానేమోనని లోలోపల కుమిలింది.

గ్రామసభ బడి ఆవరణలో పెట్టారు. త్రివిక్రమరావు వేదిక మీద బల్లెక్కి కూచున్నాడు, కాళ్ళు తడవకుండా. చివరి విచారణ ఇదేనని చెప్పాడు. అడుగున మనుషులు ప్రాణాలతో ఉంటే వేరేచోట ఇళ్ళో, ఇక్కడే ట్యాంకరో, ఏదో ఒకటి చూడాలి. ఎవరూ లేరని తేలితే ఆ బాధ లేదు, కాలనీ పేరు కొట్టేస్తే సరిపోతుంది.

వేణి రాయి పట్టుకుని లేచింది. "సార్, ఇది తడి కాదండి. మెరుగు పెట్టిన రాయి ఎంత ఆరినా ఇలాగే ఉంటుంది. కావాలంటే బుగ్గకి ఆనించుకుని చూడండి."

అధికారి చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నాడు. తర్వాత గుమాస్తా వైపు వంగాడు. "ఏదో పైకొచ్చిన చప్పుడైంది. బుడగ అని రాసుకో."

గుమాస్తా రాసుకున్నాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. నీటి అడుగున ఉన్నవాళ్ళు మాట్లాడలేరు గనక, వినిపించినవి మాటలు కావడానికి వీల్లేదు. వేణి కూచుంది. ఆ తర్వాత ఇంకెవరూ లేవలేదు. బుడగ అనిపించుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? పాత ఊళ్ళో సభ జరిగినప్పుడు కూడా ఇలాగే ఎవరూ లేవలేదు. ఆ రోజు మౌనాన్ని సమ్మతి అని రాశారు.

"ఎవరైనా ఉన్నారా?" అని అధికారి అడిగాడు.

జనం నేలచూపులు చూశారు. గంగులమ్మ ఎందుకో ముక్కు మూసుకుంది. చంకలో పిల్లాడు ఏడవబోతే తల్లి నోరు నొక్కింది. నూకరత్నం చెయ్యి కూతురి ఒళ్ళోకి పోయి రాయిని తడిమింది. పొడిగానే ఉంది. వెచ్చగా కూడా ఉంది. వేలి కింద చిన్న చిన్న గదులు నున్నగా తగిలాయి, ఒక్కదాంట్లోనూ ఎవరూ లేరు.

"ఉన్నారా?" అని ఆయన రెండోసారి అడిగి, గుమాస్తాకి సైగ చేశాడు. గుమాస్తా కలం మూత తీశాడు. ఎటు పోతామని తానే అడిగిన ప్రశ్నకి జవాబు తానే చెప్పాల్సి వస్తుందని నూకరత్నం ఏనాడూ భయపడలేదు. ఆమె భయపడని విషయం అదొక్కటే. లేచి నిలబడింది.

"ఎటూ పోలేదండి" అంది. "ఇక్కడే ఉన్నామండి."

ఆ మాట బుడగలా ఎక్కడిదాకా పైకి వెళ్ళి పగులుతుందోనని వేదిక మీదివాళ్ళూ, కాలనీ వాళ్ళూ, నూకరత్నమూ కూడా తలలెత్తి చూశారు.