చూపులు జారే గుడ్డ

రేగుపాడు మునిసిపాలిటీ పరిధిలో సైకిలు తొక్కే ఆడవాళ్ల మీద పడిన చూపులు వాళ్ల బట్టలకు అంటుకుపోతాయి, కూచుని ఏరి తీస్తే తప్ప ఊడవు. ఇందులో వింతేమీ లేదు, ఆ ఊళ్లో చాలాకాలంగా ఇంతే. సాయంత్రం ఏ వీధిలోకి వెళ్లినా ఆడవాళ్లు గుమ్మాల్లో చేట ముందు పెట్టుకుని, కుచ్చిళ్లలోంచి చూపులు ఏరుతూ కనబడతారు. ఏరినవాటిని రాత్రికి ఎవరివి వాళ్లు వచ్చి పట్టుకుపోతారు. చూపు పల్లేరుకాయంత ఉంటుంది, ముళ్లు కూడా అలాగే ఉంటాయి. వేళ్ల మధ్య పట్టుకుంటే ఎవరిదో తెలిసిపోతుంది. కిళ్లీకొట్టు వాడిది జిడ్డుగా, బ్యాంకు మేనేజరుది నున్నగా ఉంటుంది. గుచ్చుకోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. మగవాళ్లు సైకిలు తొక్కితే ఏమీ అంటుకోవు. ఎందుకు అంటుకోవో కనుక్కోమని ఎవరూ అర్జీ పెట్టలేదు కాబట్టి మునిసిపాలిటీ ఆ సంగతి పరిశీలించలేదు.

చూపుకి బరువుంటుంది. ఒకటీ అరా అయితే తెలియదు. బస్టాండూ మార్కెట్టూ దాటేసరికి మాత్రం వెనక బియ్యం బస్తా వేసుకుని తొక్కుతున్నట్టే ఉంటుంది. వీరవేణికి వచ్చిన చిక్కు ఇదే. ఆమె ఒక ప్రైవేటు ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నే సైకిలు మీద ఇంటింటికీ వెళ్లి, పరగడుపున ఉన్న షుగరు పేషెంట్ల దగ్గర రక్తం తీసుకుని, ఎండ ముదరకముందే ల్యాబుకి చేర్చాలి. ఈమధ్య రోజూ ఆలస్యమవుతోంది. ముసలివాళ్లు కాఫీ తాగకుండా గేటు పట్టుకుని ఆమె కోసం ఎదురు చూస్తున్నారు. ల్యాబు యజమాని భాస్కర్రావు పిలిచి చెప్పేశాడు.

“నీ పని బానే ఉంటది వీరవేణీ. సూది దిగినట్టే తెలీదంటారు అందరూ. కానీ ఇంకొక్కసారి లేటయిందంటే నేనేం చెయ్యలేను. వేరే మనిషిని చూసుకుంటాను.”

ఆ జీతంతోనే ఇంటి అద్దె, కూతురు చందన చదువు. భర్త లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. అందుకని వీరవేణి తేలిగ్గా తొక్కడానికి వీలైన బట్టలు వెతకడం మొదలుపెట్టింది. చీర కట్టింది. కుచ్చిళ్లు గొలుసులో పడ్డాయి, నడిరోడ్డు మీద వంగి విడిపించుకుంటుంటే ఇంకాసిని చూపులు అంటుకున్నాయి. చుడీదార్ వేసింది. చున్నీ ఎగిరి చక్రానికి చుట్టుకుంది. చున్నీ తీసేసి వెళ్లింది. గడియార స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆ బరువుకి వెనక టైరు ఢామ్మని పేలింది. భర్త పాత ప్యాంటూ చొక్కా వేసుకుంది. ఆ రోజు అంటుకున్న వాటిలో ఆడవాళ్లవి కూడా ఉన్నాయి. నిండా కప్పుకుందామని రెయిన్‌కోటు తొడుక్కుంటే, మండుటెండలో రెయిన్‌కోటేమిటా అని ఊరు ఊరంతా చూసింది.

ఇక లాభం లేదని మునిసిపల్ ఆఫీసులో చూపుల విభాగానికి వెళ్లింది. గుమస్తా పాపారావు ఆమె చెప్పిందంతా విన్నాడు.

“చూపు చూసినాయన సొత్తమ్మా. గుడ్డ మీ సొత్తు. అంటుకునేది గుడ్డ. అంచేత తప్పు గుడ్డది. మంచి గుడ్డ కట్టుకోండి.”

“ఏ గుడ్డండీ?”

“అది మేం చెప్పకూడదు. ఆడవాళ్ల స్వేచ్ఛ కదా.” పాపారావు కాస్త మెత్తబడ్డాడు. “పెద్దలు ఊరికే అన్లేదమ్మా. ముల్లు వెళ్లి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా, చిరిగేది అరిటాకే.”

రేగుపాడులో ఈ సామెత చెప్పని మగాడు లేడు. చెప్పినవాళ్లలో ఒక్కడైనా ముల్లుని పిలిచి ఓ మాట అన్న దాఖలా లేదు. వీరవేణి చేతిరుమాలు విప్పి, అందులోంచి ఒక చూపు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇదిగోండి, మీది. పొద్దున్న కూరగాయల మార్కెట్టు దగ్గర.”

పాపారావు దాన్ని గుర్తుపట్టాడు. తీసుకుని, పంచెకి తుడిచి, కంటికి పెట్టుకుని రెండుసార్లు రెప్పలార్చాడు. “అందుకేనా ఇందాకట్నుంచీ ఫైళ్లు మసకమసగ్గా ఉన్నాయి! రాత్రిదాకా దొరకదనుకున్నా. థాంక్సమ్మా,” అన్నాడు. మనిషికి కొంచెమైనా సిగ్గు ఉండాలి.

వీరవేణి అటునుంచి అటే లేడీస్ టైలరు మస్తాన్‌బీ కొట్టుకి వెళ్లింది. మస్తాన్‌బీ గోడకి తగిలించిన గొడుగు తీసి, గుడ్డ వేళ్లతో నలిపి చూసింది.

“గొడుగు గుడ్డ మీద వాన నిలవదు కదే, జారిపోద్ది. ఈ ముదనష్టపు చూపులూ జారిపోతాయేమో, కుట్టి చూద్దాం.”

కుట్టింది. కాళ్లు బాగా ఆడించి తొక్కడానికి వదులైన ప్యాంటు. గొలుసులో పడకుండా చీలమండల దగ్గర ఎలాస్టిక్. మోకాళ్ల దాకా చొక్కా, పక్కల చీలికలు. చెమట పీల్చుకోడానికి లోపల పాత నూలు చీర. సూదులకీ సీసాలకీ నాలుగు జేబులు. ఆడవాళ్ల బట్టకి నిజమైన జేబులు పెట్టడం మస్తాన్‌బీకి అదే మొదలు.

మర్నాడు వీరవేణి ఆ బట్టలు వేసుకుని బయల్దేరింది. చూపులు వచ్చి తగిలాయి, జారి రోడ్డు మీద పడ్డాయి. బస్టాండు దాటింది, మార్కెట్టు దాటింది, సైకిలు ఇంట్లోంచి తీసినప్పుడు ఎంత తేలికో అంతే తేలిక. ముసలివాళ్లు లేచేసరికే గుమ్మంలో ఉంది. ల్యాబు తాళం తియ్యకముందే ల్యాబు దగ్గరుంది. ఇంటికొచ్చాక ఏరడానికి ఏమీ లేక, ఏం చెయ్యాలో తోచక, కూతురితో కలిసి జామకాయ తింది.

“అమ్మా, పై ఏడు మా బళ్లో సైకిళ్లిస్తారంట. నాకూ ఇలాంటిదే కుట్టించవే,” అంది చందన.

“కుట్టిస్తానే. నల్లది కాదు, నీకు పూలగొడుగు గుడ్డ కుట్టిస్తా,” అంది వీరవేణి.

వారం తిరిగేసరికి మస్తాన్‌బీ కొట్టు ముందు ఆడవాళ్లు బారులు తీరారు. ఊళ్లో గొడుగులన్నీ ఊచలుగా మిగిలాయి. అప్పుడు కష్టాలు మొదలయ్యాయి, మగవాళ్లకి. జారిన చూపులు మురిక్కాలవల్లో పడ్డాయి. కొన్ని బస్సుల కింద నలిగాయి, కొన్నిటిని కోళ్లు పొడుచుకు తిన్నాయి. పొద్దుటే నిండు చూపుతో బయల్దేరినవాళ్లు సాయంత్రానికి కరెంటు స్తంభాలకి గుద్దుకుంటూ ఇళ్లు చేరారు. ఒకాయన పక్కింటికి వెళ్లి అన్నం పెట్టమన్నాడు. చూడ్డం మానేస్తే సరిపోయేది. ఆ ఒక్కటీ ఎవరికీ తోచలేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, చూపులు పోగొట్టుకున్నవాళ్లంతా సంఘం పెట్టి, ఆఫీసు ముందు టెంటు వేసి ధర్నాకి కూచున్నారు.

మునిసిపాలిటీ అత్యవసర సమావేశం పెట్టింది. చైర్‌పర్సన్ మంగాదేవి కుర్చీలో కూచుంది. పక్క కుర్చీలో, రివాజు ప్రకారం, ఆమె భర్త సుబ్బారాయుడు కూచుని ఆమె అభిప్రాయాలు చెప్పాడు. గొడుగు గుడ్డ కుట్టించిన మొదటి మనిషి కాబట్టి వీరవేణిని పిలిపించారు.

“చూడ్డం మానెయ్యమని చెప్పొచ్చు కదండీ ఆళ్లకి?” అంది వీరవేణి.

సభలో నవ్వులు వినబడ్డాయి. “కళ్లున్నాక చూడకుండా ఎలాగమ్మా?” అన్నాడు సుబ్బారాయుడు.

“మాకూ ఉన్నాయి కదండీ కళ్లు. మేం చూస్తే మీ లుంగీలకి అంటుకోవేంటండీ?”

“అది టెక్నికల్.”

“టెక్నికల్లూ లేదు, పాడూ లేదు. పొద్దుటే లేచి పనికెళ్లేదాన్నండీ నేను. మీ చూపులు మొయ్యడానికి మునిసిపాలిటీ నాకేమన్నా జీతమిస్తుందా?”

మంగాదేవి ఏదో అనబోయింది. చిన్నప్పుడు ఆమె కూడా పక్క ఊరి హైస్కూలుకి సైకిలు మీదే వెళ్లింది. “మేడంగారి ఉద్దేశం ఏంటంటే,” అన్నాడు సుబ్బారాయుడు, తీర్మానం చదివాడు. గొడుగు గుడ్డ నిషేధం. సైకిలు తొక్కే ఆడవాళ్లు ఇకమీదట గోనెపట్టాతో కుట్టిన అంగీ వెయ్యాలి. ఆ గుడ్డకి చూపు గట్టిగా పట్టుకుంటుంది, కింద పడి పాడవదు. సాయంత్రం ఏరి, ఎవరిది వాళ్ల ఇంటికెళ్లి అప్పజెప్పాలి. ఇంత చేస్తున్నది ఆడవాళ్ల భద్రత కోసమే. మంగాదేవి సంతకం పెట్టింది.

వీరవేణి గోనె అంగీ వేసుకుంది. దురద పెట్టింది, చెమటకి ఒరుసుకుపోయింది. బస్టాండు దాటేసరికి పెడలు కిందికి దిగలేదు. సైకిలు దిగి, తోసుకుంటూ, ఏడుస్తూ ల్యాబుకి వెళ్లింది. అప్పటికే ఎండ నెత్తి మీదికి వచ్చింది. భాస్కర్రావు కేకలెయ్యలేదు. మంచిగానే పొమ్మన్నాడు. ఆమె స్థానంలో ఇప్పుడు లుంగీ కట్టుకునే ఒకాయన రక్తం తీసుకొస్తున్నాడు. దారిలో ఆగి ఆగి చూస్తూ వస్తాడు కాబట్టి ఆయనకి రోజూ ఆలస్యమే. భాస్కర్రావు దానికి సర్దుకున్నాడు.

వీరవేణి ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. కొత్త ఏడు మొదలవగానే చందన బళ్లో ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. సైకిలుతోపాటు తలా ఒక గోనె అంగీ కూడా ఉచితంగా ఇచ్చారు. పంచేటప్పుడు ఫొటోలు తీశారు. మొదటిరోజు చందన బడినుంచి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో తల్లి పక్కన కూచుంది. అంగీ విప్పి ఒళ్లో పరుచుకుని ఏరడం మొదలుపెట్టింది.

“ఇది కిళ్లీకొట్టు మావయ్యదమ్మా.” రెండోది వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు చూసింది. “ఇది మా లెక్కల మాస్టారిది.”

వీరవేణి లేచి నిలబడింది. వీధి చివరిదాకా చూసింది. ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్లు తల వంచుకుని ఏరుకుంటున్నారు.

“ముళ్లుంటాయి, వేలు జాగ్రత్తమ్మా,” అంది. లోపలికి వెళ్లి రెండో చేట తీసుకొచ్చింది.